ఐలా ద్వీపంలో పాత ఆర్డ్‌బెగ్, కొత్త ఆర్డ్‌బెగ్

మేం స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపానికి వెళ్లడానికి కారణం ఒక పాడైపోయిన సీసా. గ్లాస్గోలో ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, ఆ ద్వీపంలోనే కాచే ఆర్డ్‌బెగ్ పదేళ్ల విస్కీ పాత సీసా ఒకటి ఆన్‌లైన్ వేలంలో కొని, నేను హైదరాబాద్ నుంచి వచ్చేదాకా మూత తియ్యకుండా ఆరు నెలలు దాచాడు. తీరా నేను దిగిన రాత్రి కార్క్ తిప్పితే సగం చేతికొచ్చింది, సగం లోపలికి పోయింది. టీ వడకట్టుతో ముక్కలు తీసి గ్లాసుల్లో పోశాడు. నోట్లో పెట్టుకుంటే వానకు తడిసి ఆరిన అట్టపెట్టె రుచి, దాని వెనకాల ఎక్కడో కాస్త పొగ, అంతే. ఆర్డ్‌బెగ్ సీసా ముదురు ఆకుపచ్చ గాజు కాబట్టి లోపల ఎంత ఉందో వేలం ఫొటోల్లో తెలియలేదట. ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూస్తే ముందే మెడ కింద దాకా దిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి ఆ కార్క్ గుండా గాలి ఆడిందన్నమాట. బావ మొహం చూస్తే బాధేసింది.

"పాత ఆర్డ్‌బెగ్ అంటే ఇదేనా బావా?" అన్నాను.

"కాదురా, ఇది పోయిన సీసా. దీన్నిబట్టి ఏమీ చెప్పలేం. ఐలాలో నాకు తెలిసిన బార్ ఒకటుంది, శుక్రవారం లీవ్ పెడతాను, పద."

గ్లాస్గో నుంచి కెన్నక్రెయిగ్ రేవు దాకా కారులో మూడు గంటలు. లాక్ లోమండ్ ఒడ్డునే పోయి, కొండల మీదుగా ఇన్వరెరీ చేరి, అక్కడ్నించి సముద్రపు పాయల వెంట వంకర్లు తిరుగుతూ దిగే రోడ్డు. ఏప్రిల్ చివరి వారం. చలి, వాన, ఎండ అన్నీ ఒకే గంటలో. రేవుకు చేరేసరికి గాలి ఎక్కువగా ఉందని సాయంత్రం ఫెర్రీ రద్దు చేశారు. శనివారం ఒక్కటే మా చేతిలో ఉన్న పూర్తి రోజు, అది కూడా పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. దగ్గర్లోని టార్బర్ట్‌లో గది దొరికింది, పొద్దున్నే మొదటి ఫెర్రీలో చోటు ఇచ్చారు. రెండు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం. చివరి అరగంట డెక్ మీదే నిలబడ్డాం, ఎందుకంటే ఓడ పోర్ట్ ఎలెన్ వైపు వస్తుంటే ఒడ్డున విస్కీ కాచే డిస్టిలరీల తెల్లటి గోడలు, వాటి మీద మనిషి కన్నా ఎత్తున్న నల్లటి అక్షరాలు వరసగా కనిపిస్తాయి. ముందు ఆర్డ్‌బెగ్, తర్వాత లాగవూలిన్, ఆ తర్వాత లఫ్రోయిగ్. ఒకప్పుడు సరుకు కోసం వచ్చే పడవలు గుర్తుపట్టడానికి రాసినవి. హైదరాబాద్‌లో దుకాణం అరలో మాత్రమే చూసిన పేర్లను అలా సముద్రం మీంచి చదువుతుంటే నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

దిగగానే కారు పోర్ట్ ఎలెన్‌లోనే వదిలేశాం. స్కాట్లాండ్‌లో తాగి నడిపే విషయంలో 2014 డిసెంబరు నుంచి నిబంధన ఇంగ్లండ్ కన్నా కఠినం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే కేసే, అక్కడ 80. ఎలాగూ ఊళ్లోంచి మూడు డిస్టిలరీలను కలుపుతూ నడకదారి ఒకటి వేశారు. ఆర్డ్‌బెగ్ దాకా సుమారు ఐదు కిలోమీటర్లు, పక్కన గొర్రెలు, ఒకవైపు సముద్రం. ఐలాలో రోడ్డు మీద ఎదురయ్యే ప్రతి కారులోంచీ స్టీరింగ్ మీది చెయ్యి లేస్తుంది, మనం ఎవరమో వాళ్లకు తెలియక్కర్లేదు. రెండో కిలోమీటరుకల్లా నేనూ చెయ్యెత్తడం మొదలుపెట్టాను.

ఆర్డ్‌బెగ్‌కి వెళ్లేముందు ఒక మాట, విస్కీ పరిచయం లేనివాళ్ల కోసం. మనం జావ కోసం రాగులు మొలకెత్తించి ఆరబెట్టినట్టే వాళ్లు బార్లీని మొలకెత్తించి ఆరబెడతారు, అదే మాల్ట్. ఐలాలో ఆ ఆరబెట్టే మంటకు పీట్ వాడతారు. బురదనేలల్లో వేల ఏళ్లుగా మొక్కలు కుళ్లి పేరుకున్న నల్లమట్టి అది, ఎండబెట్టి ఇటుకల్లా పేరుస్తారు. ఆ పొగ గింజకు పట్టేసి, నానబెట్టి, పులియబెట్టి, రెండుసార్లు కాచి, పీపాలో పదేళ్లు దాచినా పోదు. ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతో మాత్రమే కాస్తే సింగిల్ మాల్ట్. లేబుల్ మీద పదేళ్లు అని ఉంటే అందులో కలిపిన పీపాల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు పదేళ్లని అర్థం, అంతకన్నా ముసలివి ఎన్నయినా కలవచ్చు.

మధ్యాహ్నం తిన్నది ఆర్డ్‌బెగ్ లోపలి కేఫ్‌లో. పేరే ఓల్డ్ కిల్న్, అంటే ఒకప్పుడు మాల్ట్ ఆరబెట్టిన గది. పొగబెట్టిన హాడక్ చేపతో వాళ్లు చేసే పాల సూప్ వేడివేడిగా తాగుతూ పైకప్పు వంక చూస్తుంటే బావ ఈ డిస్టిలరీ కథంతా చెప్పాడు. నాకు సగం తెలుసు, కానీ ఆ గదిలో కూచుని వింటే వేరేగా ఉంది. 1815లో మొదలైన చోటు ఇది. డెబ్బైల చివర్లో స్కాట్లాండ్ మొత్తం మీద విస్కీ అవసరానికి మించి కాచేశారు, గోదాములు నిండిపోయాయి, గిరాకీ పడిపోయింది. 1981లో ఆర్డ్‌బెగ్ మూతపడింది, దాంతో ఇక్కడ మాల్ట్ ఆరబెట్టడం కూడా ఆగిపోయింది. రెండేళ్లకు, 1983లో, పక్కనే ఉన్న పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ కూడా మూసేశారు, అది మళ్లీ తెరుచుకున్నది 2024లో. ఆర్డ్‌బెగ్‌ని 1989లో అలైడ్ కంపెనీ మళ్లీ వెలిగించింది కానీ ఏడాదిలో కొద్దికాలమే కాచేవాళ్లు. లఫ్రోయిగ్ కూడా ఆ కంపెనీదే, వాళ్లకు ఆర్డ్‌బెగ్ బ్లెండ్లలో, అంటే వేర్వేరు డిస్టిలరీల విస్కీలు కలిపి చేసే వాటిలో, కలపడానికే ఎక్కువగా కావలసింది. 1996లో మళ్లీ మూత. 1997లో గ్లెన్‌మోరంజీ అనే ఇంకో స్కాచ్ విస్కీ కంపెనీ వాళ్లు సుమారు 70 లక్షల పౌండ్లకు కొని, శిథిలంగా ఉన్నదాన్ని బాగుచేసి కాచడం మొదలుపెట్టారు. లేబుల్ మీద పదేళ్లని రాసి, 46 శాతం ఆల్కహాల్‌తో, చల్లబరిచి వడకట్టకుండా వాళ్లు ఆర్డ్‌బెగ్ టెన్ తెచ్చింది 2000లో.

ఇప్పుడు లెక్క చూడండి. 2000లో సీసాలో నింపిన పదేళ్ల విస్కీ అంటే 1990లోనో అంతకు ముందో కాచి ఉండాలి. అంటే గ్లెన్‌మోరంజీ పేరుతో అమ్ముడైనా లోపలున్నది అలైడ్ కాలపు సరుకు. వీళ్లు సొంతంగా కాచింది పదేళ్లు నిండాలంటే 2007 దాటాలి. ఆ ఎదురుచూపుని దాచుకోకుండా 1998లో కాచినదాన్ని పెరిగే పిల్లవాడి ఫొటోల్లా బయటపెట్టారు. 2004లో వెరీ యంగ్, 2006లో స్టిల్ యంగ్, 2007లో ఆల్మోస్ట్ దేర్, 2008లో పదేళ్లు నిండాక రినైసెన్స్. కాబట్టి "పాత ఆర్డ్‌బెగ్ టెన్", "కొత్త ఆర్డ్‌బెగ్ టెన్" అని జనం అనే మాటలో నిజమైన గీత ఇక్కడుంది. లేబుల్ మారిందా, పెట్టె మారిందా అన్నది కాదు.

ఆ గీతకు ఇవతల, అవతల ఉన్న రెండు సీసాలు రాత్రి బార్‌లో ఉన్నాయి. పాతది ఉందని బావకు ముందే తెలుసు. బార్‌లో ఉన్న పెద్దాయన సీసాని లైటుకు వాల్చి అడుగున గాజు మీద సన్నగా ఉన్న నంబర్ చూపించాడు. ఎల్ అక్షరం, పక్కన 4, ఆ తర్వాత మూడంకెలు. 4 అంటే 2004, మూడంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజున నింపారో చెబుతాయి. అంటే 1994లోనో అంతకు ముందో కాచింది. కొత్తది 2024లో నింపింది. పాతది 25 మిల్లీలీటర్లకు 24 పౌండ్లు, కొత్తది ఆరు. పాత సీసా మూత తీసి మూడు వారాలైందని ఆయనే చెప్పాడు, మూడో వంతు ఖాళీ అయి ఉంది. ఇది మా పోలికలో ఉన్న లొసుగు, ముందే చెప్పేస్తున్నాను.

"మూడు గ్లాసులు పెట్టిద్దాం," అన్నాడు బావ, "రెండింట్లో కొత్తది, ఒకదాంట్లో పాతది. ఏది వేరో ముందు కనిపెట్టాలి. పేరు తెలిశాక నాలుక అబద్ధం చెబుతుంది."

పెద్దాయన వెనక్కి తిరిగి పోసి, గ్లాసులు అటూ ఇటూ మార్చి పెట్టాడు. రంగులో తేడా లేదు, మూడూ లేత గడ్డిరంగే. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే పొగ, తెల్లవారుజామున భోగిమంట దగ్గర నిలబడితే బట్టలకు పట్టేలాంటిది, దాని వెంటనే మిరియాల ఘాటు, వెనిల్లా. రెండోది ఎత్తాను. పొగే లేదనిపించింది ఒక క్షణం. ముందు నిమ్మకాయ, అదీ కోసిన నిమ్మకాయ కాదు, మా అమ్మ ఉప్పులో ఊరేసిన నిమ్మబద్దలు మూడో రోజు జాడీ మూత తీస్తే వచ్చే వాసన. తర్వాత కాకినాడలో చిన్నప్పుడు చేపల రేవు దగ్గర పడవలకు తారు పూస్తుంటే వచ్చిన వాసన, తడిసిన కొబ్బరి తాడు. పొగ అప్పుడు వచ్చింది, వాటన్నిటి వెనకనుంచి, మెల్లగా. మూడోది మళ్లీ భోగిమంట. నేను రెండోదన్నాను, బావ కూడా రెండోదే అన్నాడు. నిజమే. అనుమానం తీరక ఇంకోసారి మార్చి పెట్టించుకున్నాం, మళ్లీ ఇద్దరికీ దొరికింది. అంటే తేడా మన ఊహ కాదు, గ్లాసులో ఉంది.

నోట్లో పాతది మెత్తగా, నూనెలా నాలుకంతా పరుచుకుంది, తీపి తక్కువ, చివర్లో ఉప్పు. కొత్తది తియ్యగా మొదలై కాల్చిన తాటిబెల్లంలా మారి గొంతు దిగేటప్పుడు మంటపెడుతుంది. రెండింటిలోనూ నాలుగేసి చుక్కల నీళ్లు వేశాం. చల్లబరిచి వడకట్టని విస్కీ కాబట్టి నీళ్లు తగిలిన చోట సన్నటి తెల్లటి పోగులు తిరిగి, కాసేపటికి గ్లాసంతా పలచగా మబ్బుపట్టింది. వడకడితే పోయే నూనెలు అవే. నీళ్లు పడ్డాక కొత్తది విచ్చుకుంది, నిమ్మ అందులోనూ బయటకొచ్చింది, పొగ సర్దుకుంది. పాతది మాత్రం ఇరవై నిమిషాలకు నీరసించింది. తారు వాసన పోయింది, ఊరగాయ వాసన మిగిలింది. మొదటి పది నిమిషాలకే అయితే నేను పాతదానికి ఓటేస్తాను, అంత అందంగా ఉంది. గంటసేపు కూచుని తాగడానికి కొత్తదే బాగుందన్నాడు బావ, ఆ మాట నేను కాదనలేకపోయాను.

ఎందుకు తేడా అంటే, ఒక్క కారణం చూపించి ఇదే అనడం నిజాయితీ కాదు. రెండు కాలాల్లోనూ స్టిల్లులు, అంటే విస్కీ కాచే రాగి పాత్రలు, రెండే. రెండోసారి కాచే స్పిరిట్ స్టిల్లు మెడకు ప్యూరిఫయర్ అని ఒక చిన్న రాగి పాత్ర ఉంటుంది, బరువైన ఆవిరిని మళ్లీ కిందికే పంపేస్తుంది, ఆర్డ్‌బెగ్‌లో అంత పొగ ఉన్నా పండు వాసన మిగలడానికి దాన్నే కారణంగా చెబుతారు. అది మారలేదు. సొంత మాల్ట్ ఎప్పుడో ఆగింది కాబట్టి పొగ విషయంలోనూ అలైడ్, గ్లెన్‌మోరంజీ ఇద్దరూ బయటి మాల్ట్ మీద ఆధారపడ్డవాళ్లే. బార్లీ రకాలు మారాయి. అరవైల నుంచి ఎనభైల దాకా గోల్డెన్ ప్రామిస్ రాజ్యమేలింది, తర్వాత ఆప్టిక్, ఆ తర్వాత కాన్సెర్టో, మన దగ్గర పాత మసూరి పోయి సాంబ మసూరి వచ్చినట్టు. పీపాలు మారి ఉంటాయి. అప్పట్లో ఎవరూ తొందరపెట్టని చోట మరచిపోయిన పీపాలు, ఇప్పుడు లెక్కగట్టి కొన్న, ముందు బర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉంచిన పీపాలు. దీనికి తోడు ఇరవై ఏళ్లు సీసాలో నిలవున్న ప్రభావం, మూడు వారాలు మూత తీసి ఉన్న ప్రభావం. నాకు నమ్మకంగా అనిపించింది ఒక్కటే. పాతదానిలోని మెత్తదనం కావాలని చేసింది కాదు, కష్టకాలంలో తక్కువగా కాచిన విస్కీకి అలా కుదిరింది. మూతపడబోయే డిస్టిలరీ రుచిని ఇప్పుడు బాగా నడుస్తున్న డిస్టిలరీ మళ్లీ తేలేకపోయిందని నిందించడం నాకు ఇష్టం లేదు. అలాగని ఆ పాతదాని కోసం డబ్బు పోసేవాళ్లను పిచ్చివాళ్లనీ అనను, ఆ మొదటి గుక్క నాకింకా గుర్తుంది. కొనేవాళ్లు లేబుల్ రంగు చూసి కాకుండా గాజు మీది నంబర్ చూసి, దాంట్లోంచి పదేళ్లు తీసేసి కొనండి. లైటుకు పట్టిన ఫొటో అడగండి, ఇవ్వకపోతే వదిలెయ్యండి.

ఆదివారం పొద్దున తిరుగు ఫెర్రీకి ముందు మళ్లీ ఆర్డ్‌బెగ్ దాకా వెళ్లాం, ఈసారి కారులో. 2021లో కొత్త స్టిల్ హౌస్ మొదలైంది, రెండు స్టిల్లులు నాలుగయ్యాయి. అద్దాల గోడ లోంచి రాగి మెరుస్తుంటే చాలాసేపు చూశాను. అక్కడ కాచింది ఈ టెన్ సీసాల్లోకి రావాలంటే 2031 దాకా ఆగాలి. నేను రాత్రి తాగిన "కొత్తది" కూడా 2014కు ఇటువైపుది కాదు, ఇంకో పదేళ్లలో దాన్ని కూడా పాత ఆర్డ్‌బెగ్ అనే అంటారు. దుకాణంలో 2024లో నింపిన సీసా రెండు కొన్నాం, బావకొకటి, నాకొకటి. మన కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్ల దాకా ఒప్పుకుంటారు కాబట్టి నాది స్వెట్టర్లో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టుకుని తెచ్చాను.

ఎయిర్‌పోర్ట్‌లో బావ రెండుసార్లు చెప్పాడు, "వైన్ సీసాలా పడుకోబెట్టకురా, స్పిరిట్ తగిలి కార్క్ తినేస్తుంది. నిలబెట్టు. ఎండ తగలనివ్వకు." హైదరాబాద్ ఎండలకు మా ఇంట్లో కాస్త చల్లగా ఉండేది పడగ్గది బీరువా కింది అర ఒక్కటే. పాత చీరల పక్కన చోటు చేసి, మెడకు "2014 లేదా అంతకు ముందు" అని రాసిన చీటీ కట్టి, అక్కడ నిలబెట్టాను.