కార్డులుగా విడిపోయిన కంపెనీని మళ్ళీ కూర్చిన నా అనుభవం

అమెరికా అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల (కాన్ఫెడరేట్) పక్షాన పోరాడిన సైనికుల దినచర్య ఎలా ఉండేదో తెలుసుకోవాలని, వర్జీనియాలో స్థిరపడిన నేను నాలుగో వర్జీనియా పదాతి రెజిమెంటులోని ‘ఐ’ కంపెనీ అనే చిన్న దళపు రికార్డులు చదవడానికి పూనుకున్నాను. లెక్సింగ్టన్‌లోని వాషింగ్టన్ కాలేజీ విద్యార్థులు 1861లో ‘లిబర్టీ హాల్ వాలంటీర్స్’ పేరుతో చేరిన స్వచ్ఛంద దళమది. వారికి గ్రీకు బోధించే ఆచార్యుడు జేమ్స్ వైట్ తొలి కెప్టెన్.

అసలు చిక్కు రికార్డుల అమరికలోనే ఉంది. 1903 నుంచి అమెరికా యుద్ధ శాఖ గుమాస్తాలు, చేతికి దక్కిన, సైనికుల హాజరు పట్టికలైన మస్టర్ రోల్స్‌లోని పద్దులను విడివిడి కార్డులపైకి ఎక్కించి, మనిషికొక కవరు చొప్పున సర్దారు. తాతముత్తాతల కోసం వెతికేవారికి ఇది ఎంతో అనుకూలం. కానీ కలిసి తిని, కలిసి నడిచిన మనుషులు ఇందులో ఎవరికి వారుగా మిగిలిపోతారు. అందుకని నేను పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా రాసుకుని, ఒక్కొక్క కార్డులోని వివరాన్ని దాని గడిలో నింపుతూ పోయాను.

హాజరు సాధారణంగా రెండు నెలలకొకసారి తీసేవారు. జీతాల పంపిణీ దానితోనే ముడిపడి ఉండేది. కనుక చివరిసారి జీతం ఏ తేదీ వరకు ముట్టిందో చెప్పే గడి నాకు చాలా ఉపయోగపడింది. సాధారణ సైనికుడికి నెలకు 11 డాలర్లు, 1864లో 18 డాలర్లు. ఆకాశాన్నంటిన ధరల ముందు అది ఏ మూలకూ చాలేది కాదు. ‘జబ్బుతో గైర్హాజరు’ అన్న పద్దును కూడా తేలిగ్గా దాటవేయకూడదు. ఆ యుద్ధంలో గాయాలకన్నా విరేచనాలు, టైఫాయిడ్, తట్టు వంటి రోగాలకే ఎక్కువమంది బలయ్యారు.

తిండి సంగతి కార్డులలో ఉండదు. దానికి ఆ కాలపు సైనికుల ఉత్తరాలు చదవాలి. పంది కొవ్వులో మొక్కజొన్న పిండిని వేయించుకున్న ‘కూష్’, కాఫీకి బదులు వేయించిన రై (గోధుమలాంటి ధాన్యం) గింజల కషాయం, 1862–63 చలికాలంలో రాపహానాక్ నదికి ఆవలి ఒడ్డునున్న శత్రు కాపలాదారులకు పొగాకు పంపి కాఫీ తెప్పించుకోవడం, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి.

ఆ వంట ఎవరు చేశారన్న ప్రశ్నను మాత్రం వదిలిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పుట్టిన ఆ రాజ్యపు సైన్యంలో, యజమానుల వెంట వచ్చిన బానిసలు వండారు, బట్టలు ఉతికారు, గాయపడినవారిని మోశారు. ప్రతి కంపెనీ నలుగురు వంటవాళ్ళను చేర్చుకోవాలనీ, బానిసైతే యజమాని రాతపూర్వక సమ్మతి ఉండాలనీ, వారి పేర్లు మస్టర్ రోల్‌లో ఎక్కించాలనీ 1862 ఏప్రిల్‌లో చట్టం చేశారు. అయినా ఎందరి పేర్లో ఎక్కడా నమోదు కాలేదు. అందుకే ఇప్పుడు సైనికుల పట్టిక కిందనే వంటవాళ్ళకు ప్రత్యేకంగా వరుసలు గీసి, రిచ్మండ్‌లోని చింబొరాజో సైనిక ఆసుపత్రి రిజిస్టర్లలో వారి జాడ కోసం వెతుకుతున్నాను.