గీతలా తిన్నగా ఉంటే అనుమానించండి

కాలేజీలో మన స్ట్రక్చరల్ జియాలజీ (రాళ్ల మడతలు, విరుగుళ్ల చదువు) మాస్టారు టోపోషీట్, అంటే కొండలూ ఏళ్లూ గీసిన మ్యాపు, బల్ల మీద పరిచి, ఏటి మీద స్కేలు పెట్టి అడిగేవారు: "ఏమయ్యా, ఇది ఇంత తిన్నగా ఎందుకు పోతోంది?" కింద రాయి విరిగి ఉందేమో చూడమని ఆయన ఉద్దేశం. ప్రాణహిత కలిశాక గోదావరి ఆగ్నేయంగా సాగేది ఫాల్టుల (రాయి విరిగి, ముక్కలు జరిగిన చీలికల) మధ్య కుంగిన పల్లంలోనే, సింగరేణి బొగ్గు నిలిచిందీ అందులోనే అని చెప్పేవారు.

అమ్మాయి ఉద్యోగం ఇన్వర్నెస్‌లో కావడంతో ఈ మధ్య కొన్నాళ్లు స్కాట్లండ్‌లో ఉన్నాను. ఇన్వర్నెస్ నుంచి ఫోర్ట్ విలియం దాకా సుమారు 100 కి.మీ. స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే లోయ, గ్రేట్ గ్లెన్. 40 కోట్ల ఏళ్లకు పూర్వమే ఇక్కడ నేల రెండుగా చీలి, ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కకి జరిగాయి. ఆ రాపిడికి రాయి నుగ్గయింది. మంచుయుగాల్లో హిమానీనదాలు వచ్చి, గట్టి రాయి జోలికి అంతగా పోకుండా ఈ నుగ్గునే తోడేశాయి. అందుకే నెస్ సరస్సు వెడల్పు 1.5 కి.మీ. చిల్లరే అయినా లోతు 230 మీటర్లు. 1822లో ఇంజనీరు టెల్‌ఫర్డ్ ఈ లోయ వెంట కట్టిన పడవల కాలువ తెరిచినప్పుడు కూడా దారిలో చాలా భాగం లోయలోని సరస్సులే. తవ్వింది మూడో వంతు.

ఈ ఫాల్టు మీద మనకు నోట్సు ఉంది, గుర్తుందా? 1946లో జియాలజిస్టు కెనెడీ ఫాల్టుకి అటు స్ట్రాంషియన్ గ్రానైట్‌నీ, ఇటు ఫోయర్స్ గ్రానైట్‌నీ ఒకే ముద్దలో సగాలుగా లెక్కేసి, జరుగుడు 65 మైళ్లు అన్నాడు. పరీక్షల్లో అదే రాసి మార్కులు కొట్టాం. ఆ రెండూ ఒకే గ్రానైట్ కావని తర్వాతి జియాలజిస్టులు తేల్చారు. జరిగిన మాట నిజమే, ఎంత అన్నదానికే ఇంకా వాదన. ఫాల్టు పూర్తిగా నిద్రపోలేదు కూడా: 1901 భూకంపంలో ఇన్వర్నెస్ దగ్గర కాలువ గట్టు పగిలింది.

నెస్ దగ్గర జనమంతా సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువు నెస్సీ కోసం ఎగబడతారు. నా ఓటు మాత్రం స్కాట్లండ్‌లోనే ఉన్న రానోక్ మూర్ అనే బురద నేలకే. గ్రానైట్ పళ్లెం లాంటి బయలు, నేలని కప్పేసిన చివరి మంచు టోపీ ఇక్కడే పేరుకుంది. అది కరిగాక నీరు దిగే దారి లేక, నాచు కుళ్లీ కుళ్లకుండా పీట్‌గా పేరుకుంది. గుప్పెడు తీసి పిండితే డికాక్షన్ రంగు నీళ్లు కారతాయి, చేతిలో పీచు మిగులుతుంది. 1894లో తెరిచిన రైలు మార్గాన్ని ఈ బురద మీద చెట్ల వేళ్లు, కొమ్మలు, మట్టి, బూడిద పరిచి నిలబెట్టారు. ఈ బయలు మీద కూడా గ్రేట్ గ్లెన్ వైపుకే ఈశాన్య-నైరుతిగా మరో ఫాల్టు పోతోంది. లైడన్, ఎరిక్ట్ సరస్సులు దాని మీదే.

మన బ్యాచ్‌లో ఎవరైనా అటు వెళ్తే గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం రైలెక్కి రానోక్ స్టేషన్‌లో దిగండి. లైడన్ సరస్సు నడిచేంత దూరమే. రైళ్లు తక్కువ, తిరుగు టైము ముందే చూసుకోండి. ఎండాకాలంలో దోమలు పీక్కుతింటాయి.