నాకు లోకం పచ్చగా కనిపించలేదు

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. గత ఏడాది ఆగస్టులో నా కళ్లు నిమ్మపండు రంగుకు తిరిగాయని తెలియగానే నేను చేసిన మొదటి పని, సున్నం వేసిన గోడ వైపు చూడటం. తెల్లగానే ఉంది. అమ్మ కట్టుకున్న నీలం చీర నీలంగానే ఉంది. వారం తర్వాత ఒళ్లంతా పసుపు పూసినట్లయినప్పుడు కూడా కంచంలో అన్నం మల్లెపూవులాగే కనిపించింది. సామెతే నిలవకపోతే, ఈ జబ్బు గురించి నాకు తెలుసనుకున్న మిగతా సంగతుల్లో ఎన్ని నిలుస్తాయో చూద్దామనిపించింది. మంచాన పడ్డవాడికి వేరే పనేముంది?

అంతకు ముందు హైదరాబాదులో నాలుగు రోజులు జ్వరం. ఆకలి చచ్చిపోయింది. రోజుకు మూడు కప్పులు తాగేవాణ్ణి, కాఫీ వాసన తగిలితే చాలు కడుపులో తిప్పేది. మూత్రం డికాక్షన్ రంగులోకి వచ్చాక భయం వేసి తెనాలి దగ్గర మా ఊరికి వచ్చేశాను. రక్తపరీక్షలో ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ 7.2 ఉంది, 1.2 దాటకూడదట. కాలేయ కణాలు దెబ్బతిన్నాయని చెప్పే ఎస్‌జీపీటీ 1,840. ఇంచుమించు నలభై లోపు ఉండాల్సిన అంకె అది.

ఆ కాగితం ఇల్లు చేరేలోపే వార్త వీధి దాటింది. సాయంత్రానికి మా మేనత్త వచ్చి నా కనురెప్ప కిందికి లాగి చూసి, "ఆదివారం పసరు తాగిస్తే మూడు వారాల్లో దిగిపోతాయి" అని తేల్చేసింది. కాలవ అవతలి ఊళ్లో ఒక పెద్దాయన ఆదివారం, గురువారం తెల్లవారుజామున పరగడుపున పసరు పోస్తాడు. ఏ ఆకో చెప్పడు. డబ్బు మాత్రం తీసుకోడు. అదే నాకు చిక్కు. మోసగాడైతే కాదనడం తేలిక. నలభై ఏళ్లుగా ఉచితంగా పోస్తున్న మనిషిని, ఆయన దగ్గర నయమైన వాళ్ల పేర్లు వరుసగా చెబుతున్న అత్తయ్యను ఏమని కాదనాలి? ఆ పేర్లలో ఒక్కటీ అబద్ధం కాదు. వాళ్లందరికీ నిజంగానే తగ్గింది.

మర్నాడు డాక్టరు దగ్గర ఇవన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ముందు జ్వరానికి ఎన్ని పారాసిటమాల్ మాత్రలు వేసుకున్నానో లెక్క అడిగారు. మద్యం సంగతి అడిగారు. ఏదైనా కషాయమో, పొడో తీసుకున్నానా అని అడిగారు. తర్వాత, "కామెర్లు జబ్బు పేరు కాదండీ, గుర్తు. ఏ కామెర్లో తెలియాలి కదా" అన్నారు.

నా ప్రశ్నలన్నిటికీ తాళంచెవి ఆ ఒక్క మాటలోనే దొరికింది. ఎర్ర రక్తకణాలు అరిగి విరిగినప్పుడు పుట్టే పసుపు రంగు పదార్థం బిలిరుబిన్. దాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. వైరస్ వచ్చి కాలేయం వాచినా, పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డం పడినా, మద్యం వల్ల కాలేయం గట్టిపడినా, మలేరియాలో రక్తకణాలు మూకుమ్మడిగా చిట్లినా కళ్లు పచ్చబడతాయి. రాయి అడ్డం పడిన మనిషికీ, వైరస్ వచ్చిన నాకూ కాలవ అవతల దొరికేది ఒకే గ్లాసు.

ఏ కామెర్లన్న ప్రశ్నకు జవాబు ఇంట్లో ఇంకా తొందరగా కావాలి. మా వదినకు ఏడో నెల. వైరస్ వల్ల కాలేయం వాచే జబ్బు హెపటైటిస్. అందులో నీటి ద్వారా వచ్చేవి రెండు రకాలు, 'ఏ', 'ఈ'. మామూలు వాళ్లకు రెండూ ఇంచుమించు ఒకటే. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం 'ఈ' రకం ప్రాణాంతకం కావచ్చు. 1955 డిసెంబరులో యమునా నీళ్లలో మురుగు కలిసి ఢిల్లీలో సుమారు 29,000 మందికి కామెర్లు సోకాయి. ఆ వైరస్‌కు అప్పటికి పేరే లేదు, తర్వాత దాచిన నమూనాలు పరీక్షిస్తే 'ఈ' రకమని తేలింది. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఫలితం వచ్చింది: నాకున్నది 'ఏ' రకం, 'ఈ' రకం కాదు. అయినా వదిన పుట్టింటికి వెళ్లింది. నాకు విడిగా కంచం, గ్లాసు పెట్టారు. డాక్టరు మాత్రం కంచం కన్నా మరుగుదొడ్డి గురించే ఎక్కువ చెప్పారు. వైరస్ మలంలో బయటికి వస్తుంది, కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవడమే అసలు కాపలా.

ఎక్కడ అంటుకుందో తెలుసుకోవాలని క్యాలెండరు ముందేసుకున్నాను. వైరస్ లోపలికి వెళ్లిన 15 నుంచి 50 రోజుల్లో ఎప్పుడైనా బయటపడుతుంది. ఆ మధ్యలో నేను తిన్నవి: రెండు పెళ్లి భోజనాలు, లెక్కలేనన్ని పానీపూరీలు, ఎండకు ఆగలేక తాగిన చెరకు రసం, అందులో ఐసు. ముద్దాయి దొరకలేదు. నాయనమ్మ మాత్రం దిష్టి అంది. ఆమె తరానికి ఈ బాధ ఎందుకు లేదో డాక్టరు చెప్పారు. పసితనంలో ఈ వైరస్ వస్తే చాలామందిలో కళ్లు కూడా పచ్చబడవు, తెలియకుండా వచ్చి పోతుంది, జన్మంతా రక్షణ మిగులుతుంది. ఫిల్టరు నీళ్లతో పెరిగి ముప్పై నాలుగేళ్లకు తెచ్చుకున్నవాడు ఇలా పడకేస్తాడు. నాయనమ్మకు ఈ వివరణ భలే నచ్చింది.

ఇక పథ్యం. ఉప్పు వద్దు, నూనె వద్దు, పప్పు వద్దు, పసుపు అసలే వద్దు. పసుపు తింటే ఇంకా పచ్చబడతామట! అయిదు రోజులు చప్పిడి మజ్జిగన్నం తిని నాలుగు కిలోలు తగ్గాను. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. అది జబ్బు తీవ్రత అనుకున్నాం, సగం ఆకలి. డాక్టరు చీటీ మీద మందులకన్నా పెద్ద అక్షరాలతో 'తినగలిగినంత తినాలి' అని రాశారు. నూనె వాసనకు వికారమైతే మానుకోవాలి గానీ, నూనె కాలేయానికి విషమేమీ కాదు. పొద్దున ఆకలి కాస్త మెరుగ్గా ఉంటుంది, పొద్దుగూకే కొద్దీ వికారం పెరుగుతుంది, కాబట్టి పెద్ద భోజనం ఉదయమే. మంచం దిగకూడదన్న నియమానికీ ఆధారం లేదు. కొరియా యుద్ధకాలంలో కామెర్లు వచ్చిన అమెరికా సైనికుల మీద జపాన్‌లోని క్యోటోలో ఈ సంగతి పరీక్షించారు. 1955లో ఫలితాలు అచ్చయ్యాయి. కదలకుండా పడుకున్న వాళ్లకూ, భోజనం తర్వాత గంట మాత్రం నడుం వాల్చి మిగతా వేళ తిరిగిన వాళ్లకూ కోలుకోవడంలో తేడా రాలేదు. ఆరో రోజు అమ్మ చేసిన ముద్దపప్పు, ఉప్పు వేసినది, నెయ్యి చుక్కతో. ఆ రుచి వర్ణించలేను.

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు అటు వైపు నుంచి సాయానికి వచ్చాడు, కాలేయం శుభ్రపడటానికి పసుపు మాత్రలు పంపుతానని. ఇక్కడ పప్పులో చిటికెడు పసుపుకే భయం, అక్కడ సీసాలకొద్దీ పసుపు! కూరలో పసుపుతో ఏమీ కాదు. కానీ గాఢత పెంచి, కొన్నిట్లో మిరియాల సారం కూడా కలిపి అమ్మే మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను అమెరికా వైద్యులు 2022లో ప్రచురించారు. మన దగ్గర కోవిడ్ రోజుల్లో విరగబడి తాగిన తిప్పతీగ గురించీ 2021లో ముంబయి వైద్యులు అలాంటి కేసులే రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండి. వాచిన కాలేయానికి కొత్త బరువు ఎందుకని రెండిటికీ దణ్ణం పెట్టాను.

ఆకు మందుల్ని ఎవరూ పట్టించుకోలేదనడం మాత్రం అన్యాయం. నేల ఉసిరిని మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బీ ఉన్నవాళ్ల మీద పరీక్షించి 1988లో లాన్సెట్ పత్రికలో రాశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ లెక్కన ప్రపంచం మారిపోవాలి. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అది చదివిన రాత్రి నిజంగానే దిగులు వేసింది.

బీ అనగానే మా బాబాయి కథ చెప్పాలి. ఆయన పసరుతో కామెర్లు తగ్గించుకున్న వాళ్లలో ఒకడు, అత్తయ్య జాబితాలో మూడో పేరు. పన్నెండేళ్ల తర్వాత రక్తదానం చేయబోతే హెపటైటిస్ బీ ఉందని తేలింది. కళ్ల పసుపు దిగింది గానీ వైరస్ దిగలేదు. అప్పట్లో ఏ కామెర్లని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆయన మాత్రలు వాడుతూ నిక్షేపంగా ఉన్నాడు. 1997లో హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ చౌకగా బీ టీకా తయారు చేసింది. అది వేయించుకున్నందుకే నాకు ఆ భయం లేదు. 'ఏ' రకానికి కూడా టీకా ఉంది, వేయించుకోవాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

పదో రోజున రెండో పరీక్ష. ఎస్‌జీపీటీ 620కి దిగింది, బిలిరుబిన్ మాత్రం 10.4కి ఎక్కింది. ఇంట్లో చావు కబురు విన్నట్లయింది. మందు లేని వైద్యమేమిటని నాన్న కూడా తొలిసారి నోరు విప్పారు. ఆ ఆదివారమే అత్తయ్య సీసా పట్టుకుని వచ్చింది. నేను వెళ్లనంటే పెద్దాయనను బతిమాలి పసరు తెచ్చింది. "నాన్నా, ఒక్క గుక్క. నా కోసం" అంది. ఆ గొంతు విన్నాక కాదనడం రక్తపరీక్ష సూది కన్నా బాధ.

డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయన అడిగింది రక్తం గడ్డకట్టే పరీక్ష సంగతి. అది మామూలుగా ఉంది. మగత, తికమక మాటలు, చిగుళ్ల నుంచి రక్తం లేవు కదా అని అమ్మను అడిగారు, ఉంటే నిమిషం ఆగకుండా ఆసుపత్రికి రావాలన్నారు. ఎస్‌జీపీటీ ముందు దిగుతుంది, బిలిరుబిన్ ఆలస్యంగా శిఖరానికి చేరి ఆ తర్వాతే దిగుతుంది, ఇది దారిలో ఉన్న మలుపే అన్నారు. అంటే ఇంట్లో వాళ్ల ధైర్యం సడలే రోజూ, జబ్బు తిరుగుముఖం పట్టే రోజూ ఇంచుమించు ఒకటే. పసరు తాగేది సరిగ్గా ఆ రోజునే. అత్తయ్య జాబితా ఎలా పెరిగిందో అప్పుడు అర్థమైంది.

సీసా మూత తీయలేదు. అమ్మ దాన్ని పారేయలేక ఫ్రిజ్‌లో పెట్టింది.

మూడో వారంలో తిరగగలిగాక ఒక చిన్నప్పటి అనుమానం తీర్చుకున్నాను. మా అమ్మమ్మ ఊళ్లో ఒకాయన కామెర్లు కడిగేవాడు, పళ్లెంలోని తెల్లటి నీళ్లు చూస్తుండగానే పచ్చబడేవి. పెరట్లో మామిడి బెరడు చెక్కి అరచేతులకు రుద్దుకుని, సున్నపు తేట పోసుకుని కడిగాను. పళ్లెం నిండా కామెర్లు! నాయనమ్మ కాసేపు చూసి, "మరి ఆయన నయం కూడా చేసేవాడుగా" అంది.

అప్పటికి బిలిరుబిన్ 4.1. ఆరో వారానికి 1.1. కాఫీ వాసన మళ్లీ కాఫీ వాసనలాగే వచ్చింది. హైదరాబాదు బయలుదేరే ముందు రోజు ఫ్రిజ్ శుభ్రం చేస్తూ అమ్మ సీసా బయటికి తీసింది. మూత బిగువు సడలలేదు, పసరు మాత్రం నల్లబడింది. మునగచెట్టు మొదట్లో పోస్తుంటే అత్తయ్య లోపలికి వచ్చింది. ఇక దాచడానికి లేదు. తాగలేదని చెప్పేశాను.

ఆమె ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "తాగకపోతేనేం" అంది, "ఇంట్లో ఉంది కదా. ఆ గాలికే తగ్గింది."