మంచి వార్త చెప్పినప్పుడు మనం ఏమంటున్నాం?

పాజిటివ్ సైకాలజీ అనగానే చాలామందికి ‘ఎప్పుడూ నవ్వుతూ ఉండు, నెగెటివ్‌గా ఆలోచించకు’ లాంటి సలహాలే గుర్తొస్తాయి. నిజంగా బాధలో ఉన్న మనిషికి ఆ మాట చెబితే పుండు మీద కారం చల్లినట్టే. ఆ పేరుతో జరుగుతున్న పరిశోధన మాత్రం వేరే. అందులో అందరికీ తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయనే ఇది రాస్తున్నాను.

దీన్ని ముందుకు తెచ్చిన అమెరికన్ సైకాలజిస్ట్ మార్టిన్ సెలిగ్‌మన్ 1960ల్లో పనిచేసింది నిస్సహాయత మీద. ఏం చేసినా తప్పించుకోలేని బాధ కొన్నాళ్లు పడిన జీవి, తర్వాత దారి ఉన్నా కదలకుండా ఎందుకు పడి ఉంటుంది అన్నది అప్పటి ప్రశ్న. అదే మనిషి 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడై, మనం ఇన్నేళ్లూ మనసుకొచ్చే జబ్బుల్నే చూస్తున్నాం, మనుషులు బాగా బతకడం ఎలా ఉంటుందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి అన్నారు. ఆ తర్వాత 2011లో బాగా బతకడానికి ఐదు విషయాలు చెప్పారు: హాయిగా అనిపించడం, పనిలో మునిగిపోవడం, మనుషులతో బంధాలు, బతుక్కి ఒక అర్థం ఉందనిపించడం, ఏదో సాధించడం. గమనించండి, ఐదింట్లో సంతోషం అనే ఫీలింగ్ ఒక్కటే, మిగతా నాలుగూ మనం చేసే పనులకూ మన చుట్టూ ఉన్నవాళ్లకూ సంబంధించినవి.

ఆ ఫీలింగ్ ఎక్కువకాలం నిలవదు కూడా. 1978లో లాటరీ గెలిచినవాళ్లనీ ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లనీ మామూలు మనుషులతో పోల్చి చూస్తే, లాటరీ వచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు, పైగా రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో వాళ్లకి దొరికే ఆనందం తక్కువగా ఉంది. ఈ పరిశోధన గురించి చెప్పేవాళ్లు చాలామంది ‘ప్రమాదం జరిగినవాళ్లు కూడా అంతే సంతోషంగా ఉన్నారు’ అనేస్తుంటారు, అది తప్పు. వాళ్లు మామూలువాళ్లకంటే తక్కువ సంతోషంగానే ఉన్నారు, కాకపోతే మనం ఊహించుకునేంత ఘోరంగా లేరు. కష్టానికి మనిషి అలవాటు పడతాడు గానీ పూర్తిగా కాదు, ఈ తేడా చెప్పకుండా వదిలేయడం బాధపడుతున్నవాళ్లకి అన్యాయం.

మరి ఏం చేస్తే కాస్త మేలు? 2005లో సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన వాటిలో ఒకటి చాలా సులువు. వారం పాటు రోజూ రాత్రి ఆ రోజు బాగా జరిగినవి మూడు రాయాలి, ప్రతిదానికీ పక్కనే ఎందుకు అలా జరిగిందో కూడా రాయాలి. ఈ ‘ఎందుకు’ రాయకుండా చాలామంది జాబితా వేసేసి ఊరుకుంటారు. ‘మీటింగ్ బాగా జరిగింది’ అని ఆపేయకుండా ‘ఎందుకంటే నిన్న సాయంత్రం ఆమె నాతో కూర్చుని లెక్కలన్నీ ఒకసారి చూసింది’ అని రాస్తే, మంచి ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది, చాలాసార్లు అది ఇంకో మనిషి నుంచే వస్తుంది. ఇలా రాసినవాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా తేడా కనిపించింది. డిప్రెషన్‌కి చికిత్స తీసుకుంటున్నవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకుని మందులు మానేయకూడదు, ఇది డాక్టర్‌కి బదులు కాదు.

ఈ రంగంలో తప్పులూ జరిగాయి. మంచి భావాలు చెడ్డవాటికి 2.9 రెట్లు ఉంటేనే మనిషి వికసిస్తాడని 2005లో ఒక లెక్క చెప్పారు, 2013లో ఆ గణితానికి ఆధారమే లేదని వేరేవాళ్లు చూపించారు. ఇప్పటికీ ఎవరైనా ఆ నిష్పత్తి చెబితే నమ్మకండి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది సైకాలజిస్ట్ షెల్లీ గేబుల్ చేసిన పని. ఎదుటివాళ్లు మంచి వార్త చెప్పినప్పుడు మనం ఎలా స్పందిస్తాం అన్నది ఆమె చూశారు. ఫ్రెండ్ వచ్చి ‘నాకు ప్రమోషన్ వచ్చిందిరా’ అన్నాడనుకోండి. ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘ఓ, మంచిదేగా’ అనొచ్చు. ‘సరేగానీ ఇవాళ నాకేమైందో తెలుసా’ అని మాట మార్చేయొచ్చు. ‘మరి పని ఎక్కువైపోతుందేమో, చూసుకో’ అనొచ్చు. లేదా ‘నిజంగానా! ఎప్పుడు చెప్పారు? వినగానే నీకేమనిపించింది?’ అని ఆ క్షణాన్ని వాడి చేత మళ్లీ చెప్పించుకోవచ్చు. 2004లో వచ్చిన పరిశోధన ప్రకారం బంధం బాగుండటంతో ముడిపడి ఉన్నది ఈ చివరిదొక్కటే, మిగతా మూడూ దానికి ఉల్టా. 2006లో ఇంకొకటి తేలింది. మన కష్టంలో భాగస్వామి ఎలా స్పందించారన్న దానికంటే మన సంతోషానికి ఎలా స్పందించారన్నదే ఆ జంట బాగోగులకి దగ్గరగా ఉంది.

మనవాళ్లతో ఎక్కువగా జరిగేది మూడోదే అని నా అభిప్రాయం. ప్రేమ లేక కాదు, జాగ్రత్త చెబుతున్నాం అనుకుంటాం. కష్టమొస్తే పరిగెత్తుకెళ్లే మనుషులే శుభవార్త వినగానే ముందు అందులో ఉన్న చిక్కులు వెతుకుతారు. నిజంగా సందేహం ఉంటే అడగాల్సిందే, కానీ అది ఆ నిమిషంలోనే అడగాలని లేదు. వాడు చెప్పడం పూర్తయ్యాక, రేపో ఎల్లుండో, ‘మరి పని గంటల సంగతేంటి?’ అంటే అప్పుడు వాడూ ఓపిగ్గా వింటాడు.