బరువు ఎటు దిగుతోంది?

లండన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు ఒక టార్చిలైటు, మోకాళ్లకు కట్టుకునే మెత్తలు ఇచ్చారు. పది అంతస్తుల భవనాలకు పిల్లర్లు, బీములు లెక్కకట్టిన అనుభవంతో వచ్చినవాణ్ణి. "ముందు ఇంటి కిందికి దిగి చూసి రండి" అన్నారు. చెక్క నేలలో మూడు పలకలు ఊడదీస్తే కింద రెండడుగుల ఎత్తు కూడా లేని చీకటి. బోర్లా పడుకుని పాకుతూ వెళ్లాను. వందేళ్ల దుమ్ము, విరిగిన ఇటుకలు, ఎప్పుడో ఏ పనివాడో వదిలేసిన సీసా. ఆ సాయంత్రం రైలు కిక్కిరిసి ఉన్నా నా పక్క సీటు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది.

నేను పుస్తకాల్లో చదువుకున్న ఇంట్లో బరువు మోసేవి పిల్లర్లూ బీములూ. గోడ అంటే మధ్యలో నింపిన ఇటుక, అడ్డమైతే తీసేయవచ్చు. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 వరకు, వరుసలు వరుసలుగా కట్టిన ఈ ఇళ్లలో పిల్లరు కోసం వెతకడం దండగ. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సున్నంతో కట్టుబడి, గోడ నుంచి గోడకు చెక్క దూలాలు, పైన నల్లరాతి పలకల కప్పు. పునాదికి కాంక్రీటు వేయని ఇళ్లే ఎక్కువ. గోడనే అడుగున మెట్లుమెట్లుగా వెడల్పు చేసి మట్టి మీద కూర్చోబెట్టేవారు. ఆ లోతు చాలాచోట్ల అరమీటరు కూడా ఉండదు. కింద ఉన్నదేమో తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి. 1976లో వచ్చిన తీవ్రమైన వర్షాభావానికి ఆ మట్టి ఎండి, ఇంగ్లండులో ఎన్నో ఇళ్లు కుంగి బీటలు వారాయి. పునాదుల గురించి ఇక్కడివాళ్లు గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టింది ఆ వేసవి తర్వాతే అని మా ఆఫీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు.

ఈ ఇళ్లను చదవడం నాకు నేర్పినది మాత్రం ఇంజనీరు కాదు, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక వడ్రంగి మేస్త్రీ. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆయనది ఒకటే ప్రశ్న: "బరువు ఎటు దిగుతోంది?" పరీక్షలో అడిగినట్లు అడిగేవాడు. జవాబు చెప్పేదాకా మెట్లు ఎక్కనిచ్చేవాడు కాదు. నా యాస ఆయనకు సగం అర్థమయ్యేది కాదు, ఆయన యాస నాకు అంతకన్నా తక్కువ. అందుకని చాలాసార్లు గోడ మీద పెన్సిల్‌తో బాణం గుర్తులు గీసుకుంటూ మాట్లాడుకునేవాళ్లం.

చేరిన మూడో నెలలో వెళ్లిన ఇల్లు ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు ఉంది. కొత్తగా కొనుక్కున్న యువ దంపతులు. వెనుక గోడ తీసేసి వంటగదిని పెంచాలని వాళ్ల ఆశ. నాకు అప్పగించిన పని ఆ గోడ స్థానంలో వేసే స్టీల్ బీమ్ లెక్క కట్టడం, అంతే. మేస్త్రీ వంటగది వైపే చూడలేదు. ముందు గదిలో నిలబడి పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడను చూస్తున్నాడు. చదునుగా, తెల్లగా, అందంగా ఉంది. పైకి వెళ్లి పడకగదిలో అదే గోడను చూశాం. అక్కడ చిమ్నీ దిమ్మె గదిలోకి పొడుచుకొని వచ్చి ఉంది. పొయ్యి పొగను కప్పు పైకి తీసుకెళ్లే, ఒకటిన్నర మీటరు వెడల్పు ఇటుక కట్టడం. అటక మీద కూడా ఉంది. కప్పు పైన పొగగొట్టాల కుండలతో సహా ఉంది. కింద మాత్రం లేదు. గది పెద్దదిగా కనిపించాలని ఎప్పుడో ఎవరో పొయ్యిగూటిని కొట్టేసి సాపు చేసేశారు.

"బరువు ఎటు దిగుతోంది?" అన్నాడు.

"లోపల స్టీల్ వేసి ఉంటారు" అన్నాను.

"ఉంటారు" అని నా మాటే నాకు తిరిగి ఇచ్చి, దంపతులను అడిగి, సీలింగుకు చేయి పట్టేంత రంధ్రం కోశాడు. స్టీల్ లేదు. నేలను మోసే చెక్క దూలాల మీద అడ్డంగా రెండు కట్టె ముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి. చిమ్నీ మొత్తం ఆ రెండు ముక్కల మీద నిలబడింది. దూలాలు మధ్యలో ముప్పై మిల్లీమీటర్లు వంగాయి. నేను అక్కడే కాగితం మీద కొలతలు వేసి గుణించాను. పొగ వెళ్లే ఖాళీలు తీసేసినా నాలుగు టన్నులు దాటింది. మళ్లీ గుణించాను. మళ్లీ అంతే వచ్చింది.

"మరి ఇన్నేళ్లూ ఎలా నిలబడింది?" అని అడిగాను. దిమ్మె ఇటుకలు ఉమ్మడి గోడలోకి అల్లుకుని ఉంటాయి కనుక కొంత బరువు అటు వేలాడుతుంది, కొంత ఈ కట్టె ముక్కల మీద పడుతుంది. ఆయన అదేమీ చెప్పలేదు. "ఇది నిలబడటం లేదు, పడటం మరిచిపోయింది" అన్నాడు.

ఆ రోజు సాయంత్రమే ఇనుప ప్రాపులు, అంటే తాత్కాలికంగా బరువు మోసే ఊతకర్రల్లాంటివి, తెప్పించాం. అక్కడా నేనొక పొరపాటు చేయబోయాను. ప్రాపులను తిన్నగా చెక్క నేల మీద నిలబెట్టమన్నాను. నేల కింద ఏముందో మొదటి వారమే పాకి చూసినవాణ్ణే, అయినా మరిచిపోయాను. చెక్క నేల మీద ప్రాపు పెడితే జబ్బు ఒక అంతస్తు కిందికి దిగుతుంది తప్ప తగ్గదు. పలకలు ఊడదీసి, కింద గట్టి నేల మీద మందపాటి పలకలు పరిచి, వాటి మీద నిలబెట్టాం.

ఇక ఆ దంపతులకు చెప్పడం. పొద్దున కూలడానికి సిద్ధంగా ఉన్నది వాళ్ల ఇల్లు, సాయంత్రానికి దోషి నేను. పాత ఇళ్ల ఇంజనీరుకు ఇది తప్పదు. చెద ఉందని చెప్పినవాడే చెద పట్టించినట్లు చూస్తారు. నేను జాగ్రత్తగా, పుస్తకంలో ఉన్నట్లు, బరువు మార్గం, కోత బలం, వంపు అంటూ ఐదు నిమిషాలు వివరించాను. భర్త అంతా విని ఒకే మాట అడిగాడు: "ఈ రాత్రి మేం ఇక్కడ పడుకోవచ్చా?" అతనికి కావలసింది ఆ ఒక్క జవాబు. నేను దాన్ని తప్ప అన్నీ చెప్పాను. ప్రాపులు బిగించాక పడుకోవచ్చని, అయితే పైన ఆ గదిలో, కింద ముందు గదిలో మాత్రం ఎవరూ ఉండవద్దని చెప్పాను. ఆ తర్వాత ఏ నివేదిక రాసినా మొదటి వాక్యం అదే: ఇంట్లో ఉండవచ్చా, లేదా, ఏ గదిలోకి వెళ్లకూడదు. లెక్కలు వెనుక పేజీల్లో ఉంటాయి, ఓపిక ఉన్నవాళ్లు చదువుతారు.

అసలు ఆలస్యం ఇటుకల దగ్గర కాదు, గోడ దగ్గర జరిగింది. ఆ గోడ పక్కింటావిడది కూడా. 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం ఉమ్మడి గోడలో బీమ్ దూర్చాలంటే రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆవిడ వెంటనే ఒప్పుకుని సంతకం పెడితే ముందే మొదలుపెట్టవచ్చు. ఆవిడ ఒప్పుకోలేదు. తన తరఫున ఒక సర్వేయరును పెట్టుకుంది, అది ఆవిడ హక్కు. మామూలుగా ఆ ఖర్చు పని చేయించుకునేవాళ్లదే. దంపతులకు ఆవిడ మీద కోపం వచ్చింది. నాకు రాలేదు. అటువైపు పొయ్యిగూట్లో ఆవిడ ఇంకా నిప్పు రాజేసుకుంటోంది. ఇటు గోడ కదిలితే అటు పొగగొట్టం చీలుతుంది. త్రికోణపు ఇనుప బ్రాకెట్లు గోడకు బిగించి చవకలో తేల్చేద్దామని కాంట్రాక్టరు అన్నాడు. రేపు పక్కింటివాళ్లు కూడా తమ వైపు దిమ్మె తీసేస్తే ఆ బ్రాకెట్ల బరువంతా తొమ్మిది అంగుళాల గోడను ఒకవైపుకు లాగుతుంది. ఇక్కడి మునిసిపాలిటీల్లాంటి కౌన్సిళ్లు చాలావరకు వాటిని అంత తేలిగ్గా ఒప్పుకోవు. చివరికి స్టీల్ బీమ్‌లే వేశాం. బీమ్ కూర్చునే చోట ఇటుక నలగకుండా కాంక్రీటు దిమ్మలు, బీమ్‌కూ పైఇటుకకూ మధ్య సందులో దాదాపు పొడిగా కలిపిన సిమెంటు ఇసుక కూరడం. ఈ చివరి పని అందరికీ విసుగే. సరిగ్గా కూరకపోతే ప్రాపులు తీసిన రోజున చిమ్నీ ఆ సందు మేరకు దిగుతుంది, పడకగదిలో కొత్త బీట మొదలవుతుంది.

అప్పటినుంచి చాలా ఇళ్లు చూశాను. నాకు అర్థమైనంతలో పాత ఇంటిని పాడుచేసేది వయసు కన్నా మరమ్మతు. పలకరాయి కప్పు కారుతోందని దాన్ని తీసి కాంక్రీటు పెంకులు వేస్తారు. ఆ బరువుకు వాసాలు వంగి, గోడల తలలను బయటికి నెడతాయి. చెమ్మ వస్తోందని సున్నపు గోడకు సిమెంటు పూస్తారు. అప్పటిదాకా బయటికి ఆరిపోయిన తడి ఇప్పుడు లోపలే నిలుస్తుంది. పెరట్లో ముచ్చటగా రాళ్లు పరిపించి, నేల కిందికి గాలి వెళ్లే చిల్లుల ఇటుకలను పూడ్చేస్తారు. పదేళ్లకు దూలాల కొసలు గోడలో కుళ్లుతాయి. కట్టెలో తేమ ఇరవై శాతం దాటి అలాగే ఉందంటే బూజుకు విందే. డ్రై రాట్ అనే రకం మరీ మొండిది. ఇటుక గోడలోంచి దారి చేసుకుని అవతలి గదికి వెళ్తుంది. తెరవకముందే తడి పుట్టగొడుగుల వాసన, మూలల్లో ఇటుకరంగు పొడి. ఆ పొడిని దుమ్మనుకుని తుడిచేసుకున్న ఇల్లాలిని చూశాను.

అన్నీ తర్వాతివాళ్ల తప్పులే అనలేను. వీధివైపు గోడకు నున్నటి మంచి ఇటుక, లోపలివైపు చవక ఇటుక వాడేవారు ఆనాటి మేస్త్రీలు. రెండు వరుసలనూ కలిపి పట్టుకోవలసిన అడ్డ ఇటుకలను సగానికి విరిచి, ఒక్కో ముక్కను ఒక్కోచోట పెట్టి, ఖరీదైన ఇటుక మిగుల్చుకున్నవాళ్లు ఉన్నారు. వీధిలోంచి చూస్తే కట్టుబడి నిక్షేపంగా కనిపిస్తుంది. వందేళ్లకు బయటి వరుస విడిగా పొట్ట ఉబ్బుతుంది. ఆ మేస్త్రీని ఎక్కడ వెతకాలి?

విచిత్రం ఏమిటంటే ఇంటివాళ్లు భయపడేది వీటికి కాదు, పగుళ్లకు. ఫోటోలు పంపుతారు, పక్కన నాణెం పెట్టి మరీ. ఇక్కడ బీఆర్ఈ అనే పరిశోధన సంస్థ పగుళ్లకు సున్నా నుంచి ఐదు వరకు తరగతులు ఇచ్చింది. ఐదు మిల్లీమీటర్ల వరకు రెండో తరగతే. చాలావరకు పూడ్చి రంగు వేసుకునే వ్యవహారం. నేను మొదట అడిగేది పగులు వెడల్పు కాదు. నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఈ ఏడాది ఒరుసుకుంటోందా అని.

మొన్న మన తెలుగు కుర్రాడే ఒకరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అలాంటి ఇల్లే కొని ఫోను చేశాడు. "అన్నా, కింద హాలుకూ వెనుక గదికీ మధ్య గోడ తీసేస్తున్నాను. తట్టితే డొల్లగా మోగుతోంది, చెక్క గోడే. మీరు ఒక్క మాట చెబితే శనివారమే కొట్టించేస్తాను."

"శనివారం నేనే వస్తాను తమ్ముడూ, అప్పటిదాకా సుత్తి ముట్టుకోవద్దు" అన్నాను.

డొల్లగా మోగే గోడ బరువు మోయదన్నది అతనికి ఎవరో చెప్పిన సూత్రం. నేనూ ఒకప్పుడు నమ్మాను. శనివారం పైకి వెళ్లి చూస్తే, కింది గోడకు సరిగ్గా పైన పడకగదుల మధ్య ఇంకో చెక్క గోడ. దాని పూతలో తలుపుకు ఇరువైపులా ఏటవాలు పగులు. ఈ కాలపు ఇళ్లలో పై గోడ లోపల ఏటవాలు కర్రలు బిగించి, గోడనే ఒక వంతెనలా చేసి, నేల దూలాలను దానికి అప్పగించేవారు. ఎవరో తలుపు కోసం ఆ ఏటవాలు కర్రల్లో ఒకటి కోసేశారు. వంతెన తెగి, బరువు మెల్లగా కింది డొల్ల గోడ మీద వాలింది. కట్టినప్పుడు మోయని గోడ ఇప్పుడు మోస్తోంది.

ఇదంతా సీలింగు తెరవకుండా నేను చేసిన ఊహే. అతనికి అలాగే చెప్పాను. "అయితే అన్నా, సీలింగు నేనే కొట్టేయనా?" అన్నాడు, అంత ఉత్సాహం. అలంకారంగా గీతలు తేలిన పూత ఉంది పైన. పొడిగా రాలి ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్‌ను ఈ దేశంలో పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు వేసిన అలాంటి పూతల్లో అది ఉండవచ్చు. ముందు నమూనా తీసి పరీక్షకు పంపమన్నాను. పాత తలుపు పనికి అనుమతి, పని పూర్తయినట్లు ధ్రువపత్రం ఏవైనా ఉన్నాయేమో కౌన్సిల్ రికార్డుల్లో వెతకమన్నాను. వంటగది అల్మరాలకు ఇవ్వబోయే అడ్వాన్సు ఆపమన్నాను. ఆ చివరి మాటకే అతని ముఖం వాడిపోయింది.

పరీక్షలో ఆస్బెస్టాస్ లేదని తేలింది. సీలింగు తెరిచారు. ఏటవాలు కర్ర కోసిన మాట నిజమే, కానీ కోసినది ఒకటి కాదు, రెండు. ఇప్పుడు అతని హాలులో ఆరు ప్రాపులు ఉన్నాయి. పిల్లలు వాటి మధ్య దాగుడుమూతలు ఆడకుండా చూడటమే పెద్ద పనిగా ఉందట. బీమ్ వచ్చే మంగళవారం వస్తుంది.

నిన్న రాత్రి మళ్లీ ఫోను. "అన్నా, ఎలాగూ అంతా తెరిచాం కదా, ఆ మేడ మీది చిన్న గదిలో కూడా..."

"ముందు ఒక పలక ఊడదీసి ఫోటో పంపు" అన్నాను.