బ్రెక్లుం: ఉత్తర సముద్రపు గట్ల వెనుక ఒక ఊరు

జర్మనీ వాయవ్య కొనన, డెన్మార్క్ సరిహద్దుకు దగ్గరలో, ఉత్తర ఫ్రీసియా జిల్లాలో బ్రెక్లుం అనే చిన్న పంచాయతీ ఉంది. ఏటిగట్టు తెగుతుందేమోనని వరద రాత్రుళ్లు జాగారం చేసే మా కోనసీమ వాళ్లకు ఆ ప్రాంతపు చరిత్ర కొత్తగా తోచదు. 1362 నాటి ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే రేవు మునిగిపోయింది. 1634 ఉప్పెన స్ట్రాండ్ దీవిని ముక్కలు చేసింది. అక్కడి కరకట్టల మీద నేటికీ గొర్రెలను మేపుతారు. అవి గడ్డిని పొట్టిగా ఉంచుతూ, గిట్టలతో మట్టిని గట్టిపరుస్తాయి. మన గట్ల మీద తిరిగే గేదెలకు ఇంతటి గౌరవం దక్కలేదు!

1864 యుద్ధంలో ఓడిన డెన్మార్క్ ఆ ప్రాంతాన్ని వదులుకోగా, కొద్దికాలానికే అది నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో కలిసింది. బ్రెక్లుంకు పేరు తెచ్చింది మాత్రం ఆ ఊరి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో స్థాపించిన మిషను. అది పంపినవారు 1882లో కోరాపుట్‌లో పని ప్రారంభించి, తరువాత సాలూరు, పార్వతీపురాలకు విస్తరించారు. అంతకుముందే, 1845లో, మరో ఉత్తర జర్మన్ సంఘం తరఫున వాలెట్ అనే మిషనరీ రాజమండ్రి చేరాడు; ఆ మిషను తరువాత అమెరికన్ లూథరన్ల చేతికి వెళ్లింది. మతప్రచారంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, జిల్లా చరిత్రలు ఈ జర్మన్ మిషన్లను దాదాపుగా విస్మరించడం లోపమేనని నా అభిప్రాయం.