పాలు మరగకాస్తే పోదా?

టీవీలో యుద్ధవార్తల మధ్య అణ్వాయుధాల మాట వచ్చిన రోజున, దర్శి దగ్గర మా ఊళ్లో ఒక్క గేదెను పెట్టుకొని ఉంటున్న మా అమ్మ ఫోనులో నన్నొక ప్రశ్న అడిగింది. "ఆ బూడిద గడ్డి మీద పడినా, పాలు బాగా మరగకాస్తే పోదంటావా?"

పోదని చెప్పాను. కాచినప్పుడు చచ్చేవి సూక్ష్మజీవులు. రేడియోధార్మిక పరమాణువులను పొయ్యి వేడి ఏమీ చేయలేదు. అయినా అణుధూళి, అంటే అణుబాంబు పేలాక గాలిలోకి లేచి రాలే రేడియోధార్మిక ధూళి, అనగానే ఆమె గాలినీ వాననూ కాక గడ్డినీ పాలనూ తలుచుకోవడం మాత్రం చాలా సరైన ఆలోచన.

నేలలో ఉన్నది ఒంట్లోకి ఎలా చేరుతుందో మా వైపు వారికి వేరే చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారి వర్ణించి ప్రకటించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించే; దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. ఫ్లోరైడ్‌కు రేడియోధార్మికత లేదు. కానీ అది తాగునీటితో వచ్చి పళ్లలో, ఎముకల్లో స్థిరపడినట్టే, అణుధూళిలో ఉండే రేడియోధార్మిక పదార్థాల్లో స్ట్రాన్షియం 90 కాల్షియం వెళ్లే దారిన ఎముకల్లో చేరుతుంది. సీజియం 137 పొటాషియంలాగా కండరాల్లోకి వెళ్తుంది. అయోడిన్ 131 నేరుగా గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో కూర్చుంటుంది.

ఈ మూడింటిలో తొలి వారాల్లో ఎక్కువ చేటు చేసేది అయోడినే, దాని వాహనం పాలే. ఒక ఆవు రోజంతా మేసే బీడు విస్తీర్ణం ఎంతో ఆలోచించండి; అంత నేల మీద పలచగా రాలిన ధూళిని అది నోటితో ఊడ్చి పొదుగులోకి చేరుస్తుంది. పసిపిల్లల గ్రంథి చిన్నది కాబట్టి అదే గ్లాసు పాలు తండ్రికంటే బిడ్డకు ఎన్నో రెట్లు రేడియేషన్ మోతాదునిస్తాయి; పైగా వారు తాగే పాలు ఎక్కువ. 1986 ఏప్రిల్ 26న ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాక పక్కనున్న ప్రిప్యాట్ పట్టణాన్ని మర్నాడే ఖాళీ చేయించారు గాని, చుట్టుపక్కల పల్లెల్లో జనం తమ పెరటి ఆవుల పాలను తాగుతూనే ఉన్నారు. అక్కడి ఆహారంలో సహజంగానే అయోడిన్ తక్కువ కావడంతో ఆకలిగొన్న గ్రంథులు వచ్చినదాన్నల్లా పట్టేసుకున్నాయి. తర్వాతి సంవత్సరాల్లో బెలారుస్, ఉక్రెయిన్ పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. పోలండ్ మాత్రం ఏప్రిల్ 29 నుంచే కోటిమందికి పైగా పిల్లలకు గ్రంథి ముందే మామూలు అయోడిన్‌తో నిండిపోయేలా అయోడిన్ ద్రావణం తాగించి, పచ్చిక మేసిన ఆవుల పాలను చిన్నపిల్లలకు పోయకుండా పాలపొడి ఇచ్చింది. (మన అయోడైజ్డ్ ఉప్పు ఈ పనికి చాలదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాద వార్త విని చైనాలో జనం ఉప్పు కోసం కొట్ల మీద పడ్డారు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.)

అమెరికాలోని నెవాడాలో అణుబాంబు పరీక్షలు జరిగిన కాలంలోనూ ఇంటి ఆవు పాలో, మేక పాలో తాగిన పిల్లలకే ఎక్కువ మోతాదు అందింది. మేకపాలలో అయోడిన్ మరింత చిక్కగా దిగుతుంది. మన ఊళ్లో ఆరోగ్యానికి గుర్తుగా చెప్పుకునే పెరటి పాడి, పెరటి ఆకుకూర, ఆరుబయట నులకమంచం అలాంటి రోజుల్లో తలకిందులైపోతాయి. గోంగూరను నాలుగు నీళ్లలో కడిగితే పైన పడిన ధూళి చాలావరకు పోతుంది గాని, వేరు తాగిన సీజియం పోదు. వడ్లలో సీజియం తవుడులో ఎక్కువగా, తెల్లబియ్యంలో తక్కువగా ఉంటుందని ఫుకుషిమా పంటలు చూపించాయి. మనం తెల్లబియ్యం తిని తవుడు గేదెకు పెడతాం, అంటే అది మళ్లీ పాలదారి పట్టినట్టే.

ఆలస్యంగా కనిపించే దారులూ ఉంటాయి. 1954 మార్చి 1న అమెరికా పేల్చిన బాంబు ధూళి పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో రోంగెలాప్ అనే దీవి మీద రాలినప్పుడు పిల్లలు ఆ తెల్లటి పొడితో ఆడుకున్నారు. అప్పుడు అక్కడినుంచి తరలించిన జనాన్ని 1957లో తిరిగి పంపించారు. అక్కడి కొబ్బరీ, పీతలూ తింటూ బతికిన వారు, తిండిలో రేడియోధార్మికత ఉందన్న భయంతో 1985లో తమంతట తామే ఆ దీవిని వదిలి వెళ్లారు.

అమ్మకు పనికొచ్చేది ఏమిటని అడిగితే నేను చెప్పగలిగింది గడ్డివామి గురించే. ధూళి పడక ముందు కోసి, పట్టా కప్పి ఉంచిన ఎండుగడ్డిని గేదెకు వేసి, దాన్ని బీటికి తోలకుండా కొట్టంలో కట్టేయడం, కప్పి ఉంచిన నీళ్లు పెట్టడం అన్నిటికంటే పెద్ద రక్షణ. అయోడిన్ 131 ఎనిమిది రోజులకు సగమవుతుంది కాబట్టి ఎనభై రోజులకు వెయ్యో వంతుకు దిగుతుంది. నెయ్యిగా కాచి అన్నాళ్లూ దాచుకుంటే దాని బెడద ఉండదు. ముప్ఫై ఏళ్లకు గాని సగమవని సీజియం కూడా నెయ్యిలో నిలవదు, నీటి భాగంతో పాటు మజ్జిగలోకి వెళ్లిపోతుంది.

ఇది విని అమ్మ సంతోషించింది. నెల నెలా చిలికిన నెయ్యి సీసాలో పోసి నా పిల్లలకు పంపించి, మజ్జిగ తాను తాగడమే ఆమె ఇన్నేళ్లుగా చేస్తున్న పని. ఆ లెక్కలో సీజియం ఎవరి వాటాకు వస్తుందో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.